అండమాన్ వెళ్లే కుటుంబాలకు: బస ఎక్కడ? గది ఎట్టిది?



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలవారమైన మనకు కొండలు తెలుసు, చెరువులు తెలుసు, ఎండిన వంకలు మరీ బాగా తెలుసు. సముద్రం మాత్రం మనలో అనేకులకు క్యాలెండరు మీది బొమ్మే. మన పల్లెల్లో ఎనభై ఏండ్లు నిండిన పెద్దలలో ఒక్కసారైనా అల తాకిన పాదాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చేతి వేళ్లు చాలును.

అయితే కాలం మారింది. బెంగళూరులో ఉద్యోగం చేసే కుమారుడో, నర్సుగా పనిచేసే కుమార్తెయో, “అమ్మా, నాయనా, ఈ సారి అందరం అండమాన్ పోదాం” అంటున్నారు. విమానం టికెట్టు సంగతి పిల్లలే చూసుకొంటారు. తరువాత ఫోనులో వందల హోటళ్ల బొమ్మలు చూసి, ఏది తీసుకోవాలో తెలియక తికమకపడి, కొందరు మమ్మును అడుగుతుంటారు. అడిగినవారికి విడివిడిగా చెప్పుచున్న సంగతులనే ఇక్కడ ఒకచోట చేర్చి వ్రాయుచున్నాము.

విహారం కోసం వెళ్లి బస చేయుట మన ప్రాంతానికి కొత్తది కాదు. మన హార్స్లీ కొండకు ఆ పేరు అక్కడ వేసవి విడిది కట్టించుకొన్న ఇంగ్లీషు కలెక్టరు హార్స్లీ వలన వచ్చినదే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె కాలేజీలో కొన్ని రోజులు బస చేసి, “జనగణమన”ను ఇంగ్లీషులోకి అనువదించినది ఇక్కడే. మన ఆరోగ్యవరం శానటోరియంకు దూరప్రాంతాల రోగులు వచ్చినది ఇక్కడి గాలి కోసమే. పరులు మన గాలి కోసం వచ్చారు. మనము సముద్రపు గాలి కోసం వెళ్లుట తప్పేమీ కాదు. అప్పు చేసి వెళ్లుట మాత్రం తప్పే.

ఏ దీవి? ఏ పేరు?

అండమాన్ అంటే ఒక ఊరు కాదు. వందల దీవుల వరుస. వాటిలో జనం ఉన్నవి కొన్నే. పర్యాటకులు సాధారణంగా బస చేసేవి మూడు చోట్లు. ముందుగా వాటి పేర్లు తెలుసుకొనవలెను, ఎందుకంటే ఇటీవల పేర్లు మారినవి. టికెట్టు మీద ఒక పేరు, హోటలు బోర్డు మీద ఇంకొక పేరు ఉండి మనవారు కంగారుపడుచున్నారు.

పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. హావ్‌లాక్ దీవి 2018 డిసెంబరు నుండి స్వరాజ్ ద్వీపం. నీల్ దీవి అప్పటి నుండే షహీద్ ద్వీపం. హావ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచిన ఇంగ్లీషు సేనానులు. జనం నోట పాత పేర్లే ఇంకా ఎక్కువగా వినబడును గనుక రెండు పేర్లూ కాగితం మీద వ్రాసి పెట్టుకొనండి.

చెన్నై నుండి, బెంగళూరు నుండి శ్రీ విజయపురానికి విమానాలున్నాయి. చెన్నై నుండి గాలిలో రెండు గంటల పైచిలుకు. ఓడలో అయితే సుమారు 1,190 కిలోమీటర్లు, ఇంచుమించు మూడు రోజులు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి ప్రభుత్వ ఓడలు వెళ్లును. ఓడ బంకు టికెట్టు విమానం కంటె అగ్గువే గాని, ఓడలు రోజూ ఉండవు, తేదీలు ముందుకు వెనుకకు జరుగుచుండును. ఓడలో వెళ్లదలచినవారు డబ్బు తిరిగి ఇవ్వని గదిని ముందుగా తీసుకొనకూడదు. చిన్నబిడ్డలు, పెద్దలు ఉన్న కుటుంబానికి కడుపు తిప్పే మూడు రోజుల ఓడ ప్రయాణం మేము సలహా ఇవ్వము.

అక్కడ భాష గురించి భయపడనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూరుగురిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి కూలికి, చేపల వేటకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అనేకం. ఆటోవారిలో, హోటలు వంటవారిలో తెలుగు పలుకు వినబడితే ఆశ్చర్యపడకండి.

మూడు చోట్ల తేడా

మొదటిది శ్రీ విజయపురం. ఇది పట్టణం. సెల్యులార్ జైలు ఇక్కడే ఉన్నది. 1896లో మొదలుపెట్టి 1906లో కట్టుట ముగించిన ఆ జైలును బిడ్డలకు తప్పక చూపించండి. మన రంప పితూరీ వీరులలో కొందరిని కూడా అండమాన్‌కే పంపినారని చెప్పండి. పట్టణం మధ్య అబర్డీన్ బజారు చుట్టూ మధ్యతరగతి లాడ్జీలు, ఇడ్లీ దోసె దొరికే హోటళ్లు ఉన్నవి. అయితే ఇక్కడ గది కిటికీ తెరవగానే స్నానం చేయదగిన సముద్రం ఉంటుందని ఆశపడరాదు. దగ్గరి ఇసుక తీరం కార్బిన్స్ కోవ్ కూడా బజారుకు కొన్ని కిలోమీటర్ల దూరం. కనుక ఈ పట్టణంలో గదికి సముద్రం కనబడుతుందని ఎక్కువ బాడుగ ఇచ్చుట మా దృష్టిలో వృథా. శుభ్రమైన గది, రేవుకు విమానాశ్రయానికి దగ్గర, ఇంతే చాలును. వచ్చిన రోజు ఒక రాత్రి, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రాత్రి ఇక్కడ ఉండుట మంచిది. ఆ చివరి రాత్రి ఎందుకో తరువాత చెప్పెదము.

రెండవది హావ్‌లాక్. ప్రైవేటు పడవలో సుమారు గంటన్నర, ప్రభుత్వ పడవలో రెండు గంటల పైన. ఇక్కడ ఒడ్డులకు నంబర్లు ఉన్నవి. ఒకటో నంబరు వైపు రేవు, మూడో నంబరు వైపు బజారు, ఐదో నంబరు వైపు ఎక్కువ రిసార్టులు. ఇవి దీవికి తూర్పు పక్క. పేరుగాంచిన రాధానగర్ తీరం ఏడో నంబరు. అది పడమటి పక్క, రేవుకు సుమారు పన్నెండు కిలోమీటర్లు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మిన్నయైన తీరమని చెప్పినది దానినే. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినది. రాధానగర్ దగ్గర బసలు కొద్ది, వాటి బాడుగ మనవంటి వారికి బరువు. కావున చాలామంది తూర్పు పక్క ఉండి, ఆటోలో వెళ్లి రాధానగర్ చూసి వచ్చుదురు. అదే మంచి పద్ధతి.

మూడవది నీల్. చిన్న దీవి. సైకిలు మీద తిరిగి చూడవచ్చును. మన ప్రాంతపు రైతులకు ఈ దీవి ప్రత్యేకంగా నచ్చును, ఎందుకంటే అండమాన్‌కు కూరగాయల బుట్ట అని దీనికి పేరు. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుండి వచ్చిన కుటుంబాలను ప్రభుత్వం ఇక్కడ, హావ్‌లాక్‌లో స్థిరపరచింది. వారు సాగుచేసిన మళ్లు దారి పక్కనే కనబడును. రేవు పక్కనే భరత్‌పూర్ తీరం. అక్కడ నీరు లోతు తక్కువ, అల చిన్నది. చిన్నబిడ్డలు, వృద్ధులు ఉన్నవారికి మొదటి సముద్రం ఇదే కావలెనని మా అభిప్రాయం.

ఏ నెలలో వెళ్లవలెను?

హోటలు బాడుగ నెలను బట్టి మారును గనుక ఇది కూడా గది విషయమే. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. మన మదనపల్లె వానకు మూడు రెట్లకు తక్కువ కాదు. మే నుండి నవంబరు వరకు ఎప్పుడైనా పెద్ద వాన రావచ్చును. ఆ నెలలలో గదులు అగ్గువగా దొరుకును గాని, పడవలు ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. క్రిస్మస్ నుండి కొత్త సంవత్సరం వరకు బాడుగలు ఆకాశాన్ని అంటును. బడి పిల్లలున్న మన కుటుంబాలకు సంక్రాంతి సెలవులు తగిన సమయం. సముద్రం సామాన్యంగా నెమ్మదిగా ఉండును, మన సేద్యం పనులు కూడా కొంత తీరి ఉండును. వేసవి సెలవులలో వెళ్లేవారు ఏప్రిల్ చివరలోనే ముగించుకొని రావలెను. అయితే ఎండాకాలంలో ఆ దీవులలో మంచినీటి ఎద్దడి ఉండును. గదికి నీరు ఎల్లవేళల వచ్చునా అని తప్పక అడగండి.

ఇంకొక మాట. ఆ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నవి గాని గడియారం మనదే. కనుక అక్కడ తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకే వెలుగు వచ్చును, సాయంత్రం ఐదు, ఐదున్నరకే చీకటి పడును. మధ్యాహ్నం మూడు గంటలకు గదిలోకి చేరినవారికి ఆ రోజు సముద్రం దాదాపు లేనట్టే. ఒక దీవిలో ఒకే రాత్రి ఉండుట డబ్బు దండుగ అని మేము చెప్పేది ఇందుకే. రెండు రాత్రులైనా ఉంటేనే ఒక నిండు పగలు దొరుకును.

“ఒడ్డునే ఉన్నది” అనే మాట

హోటలువారు ఎక్కువగా వాడే మాట ఇది. దీనిని నమ్మే ముందు ఆటుపోట్ల సంగతి మనకు తెలియవలెను. చెరువు నీరు ఉదయం ఉన్నచోటనే సాయంత్రం ఉండును. సముద్రం అట్లు కాదు. సుమారు ఆరు గంటలు నీరు ఒడ్డు మీదికి వచ్చును, అది పోటు. తరువాత సుమారు ఆరు గంటలు వెనుకకు పోవును, అది ఆటు. ఈ వేళలు ప్రతిరోజూ ముప్పావు గంట నుండి గంట వరకు వెనుకబడుచుండును. హావ్‌లాక్ తూర్పు ఒడ్డున ఆటు సమయంలో నీరు చాలా దూరం పోయి, రాళ్లు, పగడపు దిబ్బలు బయటపడును. వాటి మీద నడిస్తే కాళ్లు కోసుకుపోవును, పగడాలకు కూడా హాని. బొమ్మలో నీలి నీరు గది ముందర కనబడినదంటే, అది పోటు సమయంలో తీసిన ఫొటో.

కనుక ఇట్లు అడగండి: “మీ గది ముందర స్నానం చేయవచ్చునా? మేము వచ్చే తేదీలలో పోటు ఎన్ని గంటలకు? ఆటు అయినప్పుడు దగ్గరలో స్నానానికి తగిన తీరం ఏది?” నిజంగా ఒడ్డున పనిచేసేవాడు ఈ మూడింటికి వెంటనే జవాబు చెప్పును. తడబడినవాడు అక్కడ లేడని అర్థం.

ఒడ్డుకు కొంచెం లోపలి గది అయినా బాధ లేదు. ఒడ్డునే ఉన్న గది కంటె లోపలి గది రోజుకు 500 రూపాయలు తక్కువనుకొందాము. ఆటోకు రానుపోను 600 అయితే లోపలి గదే ఖరీదు. నడచిపోగల దూరమైతే అదే లాభం. బాడుగ ఒక్కటే చూడరాదు. బాడుగ, ఆటో, తిండి మూడు కలిపి చూడవలెను.

గదిలో ఏమి చూడవలెను?

పుంగనూరు దగ్గరి పల్లె నుండి మా సంఘానికి వచ్చే ఒక కుటుంబం రెండేండ్లు పాల డబ్బులో కొంత పక్కన పెట్టి, చిన్న చీటీ ఒకటి కట్టి, అండమాన్‌కు సిద్ధపడ్డారు. భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు, డెబ్బై దాటిన అవ్వ. కుమారుడు ఫోనులో ఒక రిసార్టు చూసి ముచ్చటపడ్డాడు. ఈత కొలను ఉన్నది, రంగు దీపాలున్నవి. గది మాత్రం రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కోడలు మెల్లగా, “అత్తమ్మ మోకాళ్లతో అన్ని మెట్లు ఎట్లా?” అని అడిగింది. అవ్వ నవ్వి, “నేను సముద్రం చూడను వస్తా ఉండాను గానీ మెట్లెక్కను కాదు నాయనా” అన్నారట. అంతటితో ఆ రిసార్టు సంగతి ముగిసింది. నీల్ దీవిలో నేలమట్టపు గదులున్న చిన్న కాటేజీ ఒకటి చూసుకొన్నారు. ఈత కొలను లేదు, రంగు దీపాలు లేవు. ఒడ్డుకు నూరడుగులు.

అక్కడి కుర్రవాడు ప్రతి ఉదయం ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీటి అంచున వేసేవాడట. అవ్వ చీర కుచ్చిళ్లు పైకి చెక్కుకొని, పాదాలు నీటిలో పెట్టి గంటల తరబడి కూర్చునేవారు. ఆమె ఇప్పుడు మంచం దిగలేక ఉన్నారు. ఇక ప్రయాణం ఆమె వల్ల కాదు. చూడబోయిన వారందరికీ మోకాళ్ల నొప్పి సంగతి చెప్పక, ఆ నీటి ఉప్పదనం సంగతే చెప్పుచుంటారు. మొదటి ప్రయాణమే చివరి ప్రయాణం కాగల పెద్దలు మన ఇండ్లలో ఉన్నారు. గది ఎంచుకొనునప్పుడు మొదట అడగవలసినది వారిని.

వారిని దృష్టిలో పెట్టుకొని చూడవలసినవి ఇవి. గది నేలమట్టంలో ఉన్నదా? మరుగుదొడ్డి కుర్చీ వంటిదా, కూర్చునేదా? స్నానాల గదిలో నేల జారునా, వేడినీళ్లు వచ్చునా? రాత్రి దారిలో దీపం ఉన్నదా? రేవు నుండి గది వరకు ఆటో వచ్చునా, లేక ఇసుకలో నడవవలెనా?

తరువాత పడకలు. “ముగ్గురికి గది” అన్నచోట చాలాసార్లు ఇద్దరి మంచం, నేల మీద ఒక పరుపు ఉండును. అదనపు పరుపుకు ఎంత, ఎన్నేండ్ల బిడ్డ వరకు ఉచితం అని అడగండి. ఆ దీవులలో కరెంటు ఎక్కువగా డీజిలుతో తయారగును, పోయి వచ్చుచుండును. జనరేటరు ఉన్నదా, రాత్రంతా నడుపుదురా అని అడగండి. వెదురు గుడిసెల వంటి కాటేజీలు చూడ ముచ్చటగా ఉండును, బాడుగ కూడా తక్కువే. అయితే దోమతెర, గట్టి తలుపు గడియ, కిటికీలకు జాలీ లేని గదిలో ఆడబిడ్డలతో ఉండుట మంచిది కాదు. కొన్ని ఒడ్డులలో ఇసుక ఈగలు ఉండును. కుట్టినచోట పదిరోజులు దురద పోదు. ఇసుక మీద వట్టి వంటితో కూర్చొనక చాప పరచుకొనవలెను.

ఆవరణలో బారు ఉన్నదా, రాత్రి పాటలు ఎంతవరకు అని అడుగుటకు సిగ్గుపడవద్దు. కుటుంబాలు ఎక్కువగా వచ్చే చోటు వేరు, స్నేహితుల గుంపులు వచ్చే చోటు వేరు. మన బిడ్డలు నిద్రపోవుట కోసమే కదా గదికి బాడుగ ఇచ్చేది. ఆదివారం శ్రీ విజయపురంలో పడునట్లు ప్రయాణం చూసుకొంటే తెలుగు ఆరాధనకు కూడా వెళ్లవచ్చును.

తిండి విషయం. దీవులలో కూరగాయలు, పాలు, గ్యాసు చాలా భాగం ఓడలో రావలెను గనుక ధరలు ఎక్కువ. చేప మాత్రం తాజాగా దొరుకును. కొన్ని హోటళ్లలో వంటగది రాత్రి తొమ్మిదికే మూయుదురు. ఉదయం టిఫిను బాడుగలో చేరి ఉంటే ఐదుగురి కుటుంబానికి అది చిన్న సహాయం కాదు. రాగి సంగటి దొరకదు. పిండి వెంట తీసుకుపోయి వంటవారిని బతిమాలినవారు మాకు తెలుసు.

లెక్క ఎట్లు వేయవలెను?

మన ప్రాంతంలో డబ్బు వచ్చే తీరు అందరికీ తెలిసినదే. 2023 జూలైలో మదనపల్లె మండీలో టమాటా కిలో నూరు రూపాయలు దాటిపోయింది. కోత కూలి కూడా రాక పంటను దారి పక్కన పారబోసిన ఏడాదులూ చూశాము. అట్టి డబ్బుతో వెళ్లేవారు గది నుండి లెక్క మొదలుపెట్టరాదు, మొత్తం నుండి మొదలుపెట్టవలెను. ఖర్చు చేయగలిగిన మొత్తం వ్రాసి, అందులో నుండి విమానం, పడవ, మందులు, చేతి ఖర్చు తీసివేసి, మిగిలినదానిని రాత్రుల సంఖ్యతో భాగించండి.

ఐదుగురు, రెండు గదులు, ఐదు రాత్రులు అనుకొందాము. పది బాడుగలు కట్టవలెను. గది 2,000 అయితే 20,000. గది 3,500 అయితే 35,000. రోజుకు 1,500 తేడా అని తేలికగా అనిపించినది చివరకు 15,000 అగును. బిల్లులో జీఎస్టీ కూడా ఉండును. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి అది 5 శాతం. అంతకు ముందు 12 శాతం ఉండేది. ఇప్పటికీ 12 అని చెప్పేవారిని ప్రశ్నించండి. చెప్పిన బాడుగలో పన్ను చేరి ఉన్నదా లేదా అన్నది కూడా తేల్చుకొనండి.

లెక్క కుదరనివారు దిగులుపడవద్దు. రామేశ్వరం కూడా దీవియే. రైలులో పోవచ్చును. 1914 నాటి పాత పాంబన్ వంతెన స్థానంలో కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. 1964 తుపానులో కొట్టుకుపోయిన ధనుష్కోడి శిథిలాల దగ్గర రెండు సముద్రాలు కలిసేచోటు బిడ్డలకు చూపించవచ్చును. అక్కడ లాడ్జీలు యాత్రికుల కోసం కట్టినవి గనుక ఆర్భాటం తక్కువ, బాడుగ తక్కువ. అప్పు చేసి అండమాన్ వెళ్లుట కంటె చేతి డబ్బుతో రామేశ్వరం మేలు.

డబ్బు పంపే ముందు

కుప్పం దగ్గరి ఒక యువకుడు పెండ్లయిన కొత్తలో ఫోనులో దొరికిన నంబరుకు గది కోసం 18,000 రూపాయలు పంపినాడు. హోటలు ఉన్నమాట నిజమే. నంబరు మాత్రం హోటలుది కాదు. దిగిన తరువాత గాని తెలియలేదు. ఇట్టివి ఇప్పుడు ఎక్కువైనవి.

కనుక ఒకే చోట దొరికిన నంబరును నమ్మక, రెండు మూడు చోట్ల సరిచూడండి. వీలైతే హోటలుకే ఫోను చేసి, పైన చెప్పిన ఆటుపోట్ల ప్రశ్న అడగండి. మొత్తం ముందుగా కట్టవద్దు. ఒక రాత్రి బాడుగ బయానాగా ఇచ్చి, మిగిలినది గది చూసిన తరువాత ఇచ్చెదమనండి. డబ్బు ఒక వ్యక్తి పేరున కాక హోటలు పేరున ఉన్న ఖాతాకే పంపండి. రసీదులో తేదీలు, గదుల సంఖ్య, పన్ను, టిఫిను, రద్దు నియమం వ్రాయించుకొనండి. మోసం జరిగిందని తెలిసిన వెంటనే, సిగ్గుపడి దాచక, 1930 నంబరుకు ఫోను చేయండి. గంటలలో చెప్పినవారికే డబ్బు తిరిగి దొరికే అవకాశం ఎక్కువ.

రద్దు నియమం ఎందుకు ముఖ్యమో ఒక సంగతి చెప్పెదము. 2016 డిసెంబరులో తుపాను వాతావరణం వలన పడవలు ఆగిపోయి వేయిమందికి పైగా పర్యాటకులు హావ్‌లాక్, నీల్ దీవులలో చిక్కుకొన్నారు. నౌకాదళం వెళ్లి వారిని తీసుకురావలసి వచ్చినది. పడవ ఆగినప్పుడు మీరు చేరవలసిన హోటలు డబ్బు తిరిగి ఇచ్చునా? చిక్కుకొన్న హోటలు అదనపు రాత్రికి ఎంత తీసుకొనును? ఈ రెండూ ముందే అడగండి. విమానానికి ముందటి రాత్రి పట్టణంలోనే ఉండవలెనని మేము చెప్పినది కూడా ఇందుకే. హావ్‌లాక్ నుండి ఉదయం పడవలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కుదామనుకొనుట జూదం వంటిది. కొన్ని హోటళ్లలో ఉదయం ఎనిమిదికే గది ఖాళీ చేయవలెను, అదీ అడగండి. పెద్దలందరి ఆధార్ కార్డులు, కొంత నగదు చేతిలో ఉండవలెను. దీవులలో ఏటీఎంలు కొద్ది, ఫోను సిగ్నలు అన్నివేళల ఉండదు.

ఒడ్డున జాగ్రత్త

చెరువులో ఈత వచ్చినవాడు సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. అలలు విరుగుచుండగా మధ్యలో ఒకచోట నీరు నిమ్మళంగా కనబడితే, అది స్నానానికి మంచి చోటని మనవారు అనుకొందురు. అది లోపలికి లాగే ప్రవాహం కావచ్చును. అందులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోదురు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదుకొని, లాగుడు తగ్గిన తరువాత ఒడ్డుకు రావలెను. బిడ్డను నడుము లోతు మించి దింపరాదు. కాపలావారు ఉన్న తీరంలోనే, వారి కంటి ఎదుటనే దిగవలెను.

ఆ దీవులలో ఉప్పునీటి మొసళ్లున్నవి. 2010లో హావ్‌లాక్‌లో రాధానగర్ పక్కన నీటిలో ఉన్న ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపినది. వాగు సముద్రంలో కలిసే చోట్లకు, మడ అడవుల అంచుకు పోరాదు. హెచ్చరిక బోర్డు ఉంటే దిగరాదు. గదిలో చేరిన రోజే హోటలువారిని, “ఇక్కడ ఏ వైపు పోరాదు?” అని అడగండి. “భూమి కంపిస్తే ఎక్కడికి పోవలెను?” అని కూడా అడగండి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆ దీవులను, ముఖ్యంగా నికోబార్‌ను ఎట్లు తుడిచిపెట్టినదో మరువరాదు. గట్టిగా కంపించినా, నీరు హఠాత్తుగా వెనుకకు పోయినా, సామాను కోసం గదికి పోక మిట్ట మీదికి పరుగెత్తవలెను.

అక్కడి ఆదివాసులు మన చూపుకు ప్రదర్శన వస్తువులు కారు. వారి ప్రాంతాలకు పోవుట, ఫొటోలు తీయుట చట్టరీత్యా నేరం. తీరాన దొరికిన పగడపు ముక్కలను పెట్టెలో వేసుకొనుట కూడా నేరమే, విమానాశ్రయంలో పట్టుకొందురు.

చివరిగా

ఓడ పగిలి మెలితే ద్వీపానికి చేరిన పౌలును, అతనితో ఉన్నవారిని అక్కడివారు వానలో చలిలో నిప్పు రాజవేసి చేర్చుకొన్న సంగతి మనము చదివినదే. దీవిలో పరాయివానికి బస ఇచ్చుట ఎంత పెద్ద మేలో వారికి తెలుసు. గది ఊడ్చే అమ్మాయి, కుర్చీ మోసే కుర్రవాడు మనలాగే తల్లిదండ్రులను ఎక్కడో విడిచి వచ్చినవారు. వారితో గౌరవంగా మాట్లాడండి, గది శుభ్రంగా ఉంచి రండి, ప్లాస్టిక్ సంచులు ఒడ్డున పారవేయకండి.

ఇక మీరు చేయవలసిన పని ఒకటి. ఒక రాత్రి అన్నాలయిన తరువాత అందరూ చాప మీద కూర్చొనండి. ఒక కాగితం మీద నాలుగు గీతలు గీయండి: ఖర్చు చేయగల మొత్తం, రాత్రులు, హోటలువారిని అడగవలసిన ప్రశ్నలు, వద్దు అనుకొన్నవి. అవ్వనో తాతనో మొదట మాట్లాడనివ్వండి. తరువాత చిన్నబిడ్డను అడగండి. డబ్బు కట్టే కుమారుడు చివర మాట్లాడవలెను. ఆ కాగితం ముందర పెట్టుకొని ఫోను తీస్తే, వంద హోటళ్ల బొమ్మలలో తొంబై ఐదు వాటంతటవే తొలగిపోవును. మిగిలిన ఐదింటికి ఫోను చేయండి.